తీర్పు నచ్చనిచో తీర్పరి దోషియా?

2025 మార్చి నెలలో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఒక పాత వివాదము మరల తలయెత్తినది. వలసదారులను దేశాంతరము పంపు విమానములను నిలుపవలెనని వాషింగ్టన్ జిల్లా న్యాయమూర్తి బోస్‌బర్గ్ ఆజ్ఞాపింపగా, ఆయనను అభిశంసింపవలెనని అధ్యక్షుడు ట్రంప్ కోరెను. అదే దినమున సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్ ఒక ప్రకటన చేసెను. తీర్పుతో ఏకీభవింపనివారికి అప్పీలు కలదనియు, అందులకు అభిశంసనము తగిన సాధనము కాదనుట రెండు శతాబ్దములకు పైగా స్థిరపడిన విషయమనియు దాని సారాంశము.

ఈ నియమము రాజ్యాంగమున వ్రాయబడి యున్నదా? లేదు. సత్ప్రవర్తన కలిగి యున్నంతకాలము ఫెడరల్ న్యాయమూర్తులు పదవిలో నుందురని అందు కలదు. రాజద్రోహము, లంచము, ఇతర ఘోరాపరాధములు, దుష్ప్రవర్తనలు అభిశంసనమునకు కారణములు. ప్రతినిధుల సభ సామాన్యాధిక్యముతో ఆరోపించును, సెనేటు విచారించును, తొలగించుటకు హాజరైన సభ్యులలో మూడింట రెండువంతుల మంది సమ్మతి కావలెను. ఆ ‘ఇతర’ అను మాట ఎంతదూరము సాగునో రాజ్యాంగము చెప్పలేదు.

ఆ హద్దు 1805లో ఏర్పడినది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి శామ్యూల్ ఛేజ్ ఫెడరలిస్టు పక్షాభిమాని. న్యాయపీఠమునుండియే జెఫర్సన్ పక్షపు విధానములను దుయ్యబట్టెను. 1804లో ప్రతినిధుల సభ ఆయనను అభిశంసించెను. సెనేటు సభ్యులు 34 మంది. అందు 25 మంది జెఫర్సన్ పక్షమువారే. కావలసిన వోట్లు 23. లెక్క చూచినచో ఛేజ్ పదవి పోయినట్లే. కాని 1805 మార్చి 1న ఎనిమిది ఆరోపణలలో దేనికిని 19కి మించి వోట్లు రాలేదు. అనగా ప్రతి ఆరోపణపైనను అధికారపక్షమువారిలో కనీసము ఆరుగురు ‘నిర్దోషి’ యనిరి. ఛేజ్ 1811లో మరణించువరకు పదవియందే యుండెను. న్యాయమూర్తులును పీఠముపైనుండి పక్షరాజకీయములు పలుకుట తగ్గించిరి.

ఇంతవరకు అభిశంసింపబడిన ఫెడరల్ న్యాయమూర్తులు 15 మంది. సెనేటు తొలగించినది 8 మందిని. తిరుగుబాటు రాష్ట్రములతో చేరి 1862లో పదవి కోల్పోయిన హంఫ్రీస్, పన్ను నేరమునకు కారాగారమందుండియు జీతము పొందుచు 1986లో పదవి కోల్పోయిన క్లెయిబోర్న్ ఇట్టివారు. 2010లో తొలగింపబడిన పోర్టియస్‌పై అవినీతి నేరము మోపబడెను.

మూడింట రెండువంతుల నిబంధన వలన తొలగింపు కష్టసాధ్యమే. కాని బెదిరింపునకు వోట్లు అక్కరలేదు. పదవికై భయపడు న్యాయమూర్తి యెదుట బలహీనునకు న్యాయము దొరకుట దుర్లభము. నాడు ఆరుగురు స్వపక్షమునకు ఎదురునిలిచి గీచిన గీత అది. అట్టివారు ప్రతి తరమునను చట్టసభలో ఉన్నంతకాలమే అది చెరగక నిలుచును.