ఎగ్మూరు మ్యూజియంకు కొత్త డైరెక్టర్ వస్తే మనం అడగాల్సింది ఏమిటి?

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంకు కొత్త డైరెక్టర్ వచ్చారని పేపర్లో చూడగానే మన సంఘాలు చేసే పని ఒకటే: శాలువా, పూలగుత్తి, గ్రూపు ఫోటో. ఆ ఫోటో రెండు రోజులు వాట్సాప్‌లో తిరుగుతుంది, పరిచయం అక్కడితో సరి. ఆ కుర్చీలో కూర్చునేవారి చేతిలో మన సొత్తు ఎంత ఉందో తెలిస్తే ఇలా వదిలేయం.

అమరావతి స్తూపం రాళ్లనే తీసుకోండి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపారు. అంటే 1851లో మ్యూజియం పుట్టకముందే ఆ రాళ్లు ఈ ఊరు చేరాయి. వాటిలో నూటికి పైగా పలకలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. తర్వాతి తవ్వకాల్లో బయటపడినవి చాలావరకు ఎగ్మూరుకే వచ్చాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక కూడా ఇక్కడే ఉండిపోయాయి, మనలాగే. అమరావతి శాసనాల భాష ప్రాకృతం. అయినా అక్కడి ఒక రాతిపలక మీద ‘నాగబు’ అనే మాటను వేటూరి ప్రభాకరశాస్త్రిగారు గుర్తించి, అది తెలుగు మాటేనన్నారు. పండితులు దాని మీద ఇంకా వాదించుకుంటారనుకోండి, అది వేరే సంగతి.

ఇక డైరెక్టర్ల విషయం. ఎడ్గార్ థర్స్టన్ 1885 నుంచి 1908 వరకు, గ్రేవ్లీ 1920 నుంచి 1940 వరకు ఈ మ్యూజియం పెద్దలుగా ఉన్నారు. ఇరవై ఏళ్లు ఉన్న మనిషికి ఏ రాయి ఎక్కడుందో తెలుస్తుంది. ఇప్పుడు సాధారణంగా ఐఏఎస్ అధికారి వస్తారు, జిల్లా మ్యూజియంలన్నీ కూడా వారి కిందే. గదులు చూసి, ఫైళ్లు చదివేలోపు బదిలీ ఆర్డరు వస్తుంది. అది వారి తప్పు కాదు. అందుకే డైరెక్టర్‌ను కలిసిన రోజే పురావస్తు విభాగం క్యూరేటర్‌నూ కలవాలి. అధికారి మారినా జ్ఞాపకం ఉండేది అక్కడే. అమరావతి శిల్పాల మీద 1942లో వచ్చిన పెద్ద గ్రంథం రాసిన శివరామమూర్తిగారు ఆ మ్యూజియం ఉద్యోగే కదా.

అడగాల్సినవి మా దృష్టిలో రెండే. మొదటిది రాళ్ల ఆరోగ్యం. అవి సున్నపురాయి పలకలు. వెనకటి రోజుల్లో వాటిని గోడల్లో పొదిగి సిమెంటు పూశారు. చెమ్మకు ఉప్పు పొంగి బొమ్మ చెక్కులు లేస్తుంది. ప్రస్తుతం ఏ పలక ఏ స్థితిలో ఉందో, తర్వాత చేయబోయే పని ఏమిటో అడగడం మన హక్కు. రెండోది, ఆ గదికి తెలుగులో ఒక చిన్న కరపత్రం. అచ్చు ఖర్చు సంఘమే భరిస్తుందని చెబితే కాదనడం కష్టం.

రాళ్లన్నిటినీ అమరావతికి తిరిగి పంపాలని అడగమనేవారూ మనలో ఉన్నారు. మేము ఒప్పుకోం. సున్నితమైన రాయిని మళ్లీ గోడలోంచి పెకలించడం ప్రమాదం. పైగా ఇక్కడ పుట్టి తమిళంలో చదువుకుంటున్న మన మనవలకు, తెలుగు నేల పాతకాలపు పనితనాన్ని సిటీ బస్సెక్కి చూసే చోటు ఇదొక్కటే. మన పెద్దల రోజుల్లో జనం ‘సెత్త కాలేజ్’ అని పిలిచిన మ్యూజియం ఇదే. పిల్లల్ని ఎంతమందిని తీసుకెళ్తున్నామన్నది కూడా మనల్ని మనం అడగాల్సిన ప్రశ్నే.

వినతిపత్రం తమిళంలో రాయించి, తెలుగు ప్రతి జతచేయండి. రెండో కాపీ మీద ఆఫీసు సీలు, తేదీ వేయించుకోకుండా రావద్దు, అది గుమాస్తాల మాట. శుక్రవారం మ్యూజియంకు సెలవు, ఆ రోజు మినహాయించి వెళ్లండి.