ఇరవైలో పదిహేనోది

1822లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని లో హాంప్టన్ అనే పల్లెలో, విలియం మిల్లర్ అనే రైతు తన నమ్మకాలను ఇరవై అంశాలుగా కాగితం మీద పెట్టుకున్నాడు. రాయమని ఏ సంఘమూ అడగలేదు. దేవుడు, లేఖనాలు, క్రీస్తు మరణం, రక్షణ, పునరుత్థానం, కడపటి తీర్పు... ఆ రోజుల్లో ఏ బాప్టిస్టు కాపరిని నిద్రలేపి అడిగినా ఇంచుమించు ఇవే చెప్పేవాడు. పదిహేనో అంశం దగ్గరే పేచీ. క్రీస్తు రెండవ రాకడ ఇరవై ఒక్క ఏళ్లలో, అంటే 1843లోగా, జరిగి తీరుతుందని అందులో ఉంది.

క్రీస్తు మళ్లీ వస్తాడని, సజీవులకూ మృతులకూ తీర్పు తీరుస్తాడని 325లో నిసియా సభలో బిషప్పులూ తమ విశ్వాస ప్రమాణంలో రాశారు. ఎప్పుడన్నది మాత్రం రాయలేదు. పదిహేడు వందల ఏళ్లుగా ఆ ప్రమాణాన్ని ఎవరూ అబద్ధమని తేల్చలేకపోవడానికి అదీ ఒక కారణం. మిల్లర్ తన నమ్మకానికి తానే గడువు పెట్టాడు.

ఆయన పిచ్చివాడు కాదు, మోసగాడు అంతకన్నా కాదు. వయసులో ఉండగా వోల్టేర్, హ్యూమ్, థామస్ పెయిన్‌లను చదివాడు. దేవుడు లోకాన్ని సృష్టించి వదిలేశాడు, మన గొడవ ఆయనకు పట్టదనే వాదంలో కొన్నేళ్లు గడిపాడు. 1814లో ప్లాట్స్‌బర్గ్ యుద్ధంలో కెప్టెన్‌గా ఉన్నప్పుడు పక్కనే గుండు పేలింది. చుట్టూ ఉన్నవాళ్లు గాయపడ్డారు, చనిపోయారు, ఆయనకు గీత కూడా పడలేదు. తన ప్రాణం ఎందుకు మిగిలిందన్న ప్రశ్న ఆయన్ని రెండేళ్లకు మళ్లీ బాప్టిస్టు సంఘానికి చేర్చింది. బైబిల్లో వైరుధ్యాలు లేవా అని పాత మిత్రులు ఎత్తిపొడిచారు. దాంతో పట్టుదల వచ్చి, ఒక పదసూచిక దగ్గర పెట్టుకుని ఆదికాండం నుంచి వచనం వచనం చదవడం మొదలుపెట్టాడు.

దానియేలు గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో రెండు వేల మూడు వందల దినాల మాట ఉంది. అవి ముగిసినప్పుడే రాకడ అని మిల్లర్ అర్థం చేసుకున్నాడు. దినమంటే సంవత్సరమని వ్యాఖ్యాతలు చాలాకాలంగా చెబుతున్నదే. యెరూషలేము విషయంలో పారసీక రాజు అర్తహషస్త ఆజ్ఞ ఇచ్చింది క్రీ.పూ. 457లో అనుకుని అక్కణ్నుంచి లెక్కపెడితే 1843 వచ్చింది. క్రీస్తు పూర్వానికీ క్రీస్తు శకానికీ నడుమ సున్నా సంవత్సరం లేదు కాబట్టి ఒక ఏడాది కలపాలన్న సంగతి తర్వాత బయటపడింది. ఆ దినమూ గడియా ఎవరికీ తెలియదని యేసే చెప్పాడు కదా అని అడిగినవాళ్లకు సమాధానం సిద్ధంగానే ఉంది: దినం తెలియదన్నాడు గానీ సంవత్సరం తెలియదనలేదుగా! అది ప్లీడరు తెలివి, భక్తుడిది కాదు.

తొమ్మిదేళ్లు ఊరి పొలిమేర దాటని ఈ లెక్క 1831లో మిల్లర్ బోధకుడిగా బయలుదేరాక జనంలో పడింది. ఊరూరా మార్మోగించింది మాత్రం బోస్టన్ కాపరి జాషువా హైమ్స్. పత్రికలు పెట్టాడు, మృగాల బొమ్మలూ అంకెలూ ఉన్న పటాలు అచ్చు వేయించాడు, వేలమంది పట్టే గుడారం వేయించాడు. 1843 మొదట్లో పట్టపగలే కనిపించిన పెద్ద తోకచుక్క కూడా తన వంతు సాయం చేసింది. 1843 మార్చి 21కీ 1844 మార్చి 21కీ మధ్య అని మిల్లర్ చెప్పిన గడువు దాటింది. తన లెక్క తప్పిందని ఆయన బహిరంగంగానే ఒప్పుకున్నాడు.

జనం ఒప్పుకోలేదు. ఆ ఆగస్టులో న్యూ హాంప్‌షైర్‌లోని ఎక్సెటర్‌లో జరిగిన శిబిర సభల్లో శామ్యూల్ స్నో అనే బోధకుడు యూదుల ప్రాయశ్చిత్త దినాన్ని పట్టుకుని, ఈసారి ఏకంగా తేదీ చెప్పాడు: అక్టోబరు 22, మంగళవారం. మిల్లర్ చివరిదాకా తటపటాయించి, రెండు వారాల ముందు తలూపాడు. తెల్లబట్టలు కట్టి కొండలెక్కారన్న కథ మటుకు వెక్కిరింతగా పుట్టిందే. కొందరు పంట కోయకుండా వదిలేశారన్నది, అప్పులు తీర్చేసుకున్నారన్నది నిజం. బుధవారం ఎప్పటిలాగే తెల్లవారింది.

అక్కడిదాకా అయితే ఇది తప్పిన జోస్యం, అంతే. అసలు ప్రమాదం ఆ తర్వాతిది. తేదీ తప్పు కాదు, ఆ రోజు ఏదో జరిగే ఉంటుందని కొందరు పట్టుబట్టారు. మత్తయి సువార్తలో పదిమంది కన్యకల ఉపమానం ఉంది. పెండ్లికుమారుడు లోపలికి వెళ్లాక తలుపు వేసేస్తారు. ఆ తలుపే అక్టోబరు 22న పడిందన్నారు. అంటే నమ్మినవాళ్లు లోపల, నవ్వినవాళ్లు బయట, ఇక ఎవరికీ రక్షణ లేదు. ఒక అంకెను కాపాడుకోవడానికి భూమ్మీద ఉన్న మిగతా జనాన్నంతా వదులుకోవడమన్నమాట! ఇరవై అంశాల్లో పదిహేనోది మిగతావాటిని మింగేసిన ఘడియ అదే.

మిల్లర్ కూడా మొదట్లో అటే మొగ్గాడు. హైమ్స్ వినలేదు. 1845 ఏప్రిల్లో ఆల్బనీలో జరిగిన సమావేశం నాటికి మిల్లర్ ఆ మాట విడిచిపెట్టాడు, కొత్త తేదీల జోలికి కూడా పోలేదు. అప్పటికే సొంత బాప్టిస్టు సంఘం ఆయన్ని వెలివేసింది. రాకడ దగ్గరలోనే ఉందన్న ఆశతోనే 1849 డిసెంబరులో కన్నుమూశాడు. ఆశను ఉంచుకుని తేదీని వదిలేయడం ఆయనకు చేతనైంది. తర్వాత వచ్చినవాళ్లలో ఆ పాటి నిజాయితీ అరుదు. కాలిఫోర్నియా రేడియో బోధకుడు హెరాల్డ్ క్యాంపింగ్ 2011 మే 21 అని హోర్డింగులెక్కించాడు. ఆ రోజు మామూలుగా గడిచాక, తీర్పు కంటికి కనిపించకుండా జరిగిపోయిందని, రక్షణ పొందే అవకాశం ఇక లేదని చెప్పాడు. 1844 నాటి మాటే, పేరు మారిందంతే. ఆయన తప్పు ఒప్పుకోవడానికి 2012 దాకా పట్టింది.

అక్టోబరు 22న క్రీస్తు భూమికి రాలేదు గానీ పరలోకంలోని అతిపరిశుద్ధ స్థలంలో ప్రవేశించాడని వ్యాఖ్యానించుకున్న ఒక చిన్న గుంపు తర్వాత సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘమైంది. వాళ్లలోనూ మూసిన తలుపు నమ్మకం కొన్నేళ్లు సాగింది. 1850ల నాటికి సడలింది. 1863లో సంఘంగా ఏర్పడి, 1874లో తొలి అధికారిక మిషనరీని స్విట్జర్లాండ్ పంపారు. తలుపు పడిపోయిందనే అనుకుని ఉంటే వాళ్లకు బయటి ఊళ్లతో పనేముంది? 1925లో నూజివీడులో గిఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి పెట్టిందీ ఆ సంఘమే.