తూనీగ మేడయు, మన డాబాయు



మా పాలకుర్తిలో సోమేశ్వరస్వామి గుట్ట నెక్కి చూచినచో ఇండ్లును పొలములును ప్రక్కప్రక్కనే కన్పట్టును. ఈ రెంటిని ఒకదానిపై నొకటి పేర్చిన నెట్లుండునని యోచించినవారును గలరు. బెల్జియము దేశపు వాస్తుశిల్పి విన్సెంట్ కాలెబో 2009లో న్యూయార్కు నగరమునకై తూనీగ రెక్కల యాకృతిలో 132 అంతస్తుల మేడ నొకదానిని చిత్రించెను. కాపురముల నడుమనే పండ్లతోటలు, పైరులు, పశువులు నుండవలెనని ఆయన సంకల్పము. అది చిత్రపటముగనే నిలిచినది. ఇటలీలోని మిలాను నగరమున 2014లో పూర్తియైన జంటమేడల వసారాలలో సుమారు 800 చెట్లు పెరుగుచున్నవి. కాని యవి నీడకే గాని కూటికి గావు.

మేడలలో పంట యేల కష్టము? అంతస్తుపై అంతస్తు లేచినకొలది లోపలికి ఎండ దక్కదు. దీపముల వెలుగున బెంచవలెనన్న విద్యుత్తు వ్యయము మిక్కుటము. అందుచే అట్లు పెంచువారు ఆకుకూరలనే యెక్కువగ నెన్నుకొందురు, ధాన్యము గిట్టదు. రెండవ చిక్కు బరువు. ఇది మన యిండ్లకును వర్తించును.

హైదరాబాదులో నున్న మా చెల్లెలు గతమాసమున ఫోనుచేసి, “అక్కా, డాబా యంతట అడుగులోతు మట్టి పోయించి కూరగాయలు వేసెదను” అన్నది. ఆ కప్పు క్రిందనే దాని బిడ్డలు నిద్రింతురు. నా గుండె ఝల్లుమన్నది. మావారు లెక్కవేసి చూపిరి: తడిమట్టి ఘనమీటరునకు 1,600 కిలోలకు తక్కువ యుండదు, అడుగులోతున చదరపు మీటరునకు ఇంచుమించు 500 కిలోలు! మనుష్యులు తిరుగు డాబాపై మన దేశపు కట్టడ ప్రమాణముల ననుసరించి సాధారణముగ లెక్కించు భారము 150 కిలోలే.

కావున దాని కిట్లు చెప్పితిని: “ముందుగ ఇంజనీరునకు జూపుము. తొట్లను డాబా నడుమ నుంచక, క్రింద దూలములున్న చోట నుంచుము. మట్టి తగ్గించి కొబ్బరిపొట్టును, చివికిన యెరువును గలుపుము. నీరు నిలువకుండ తొట్ల క్రింద ఇటుకలు పెట్టుము. తోటకూర, పాలకూర, మెంతికూరలకు జానెడు లోతు చాలును.”

మొదట చిన్నబుచ్చుకొన్నది. పిమ్మట ఇంజనీరును బిలిపించగా, ఆయన గోడల వెంబడి కొలది తొట్లకే సమ్మతించెను. మొన్న ఆ తొట్లలోని తోటకూరతోనే పులుసు కాచితినని సంతోషముతో చెప్పినది.

తూనీగ మేడ యెన్నటికి లేచునో చెప్పజాలము. మన డాబా యెంత మోయగలదో మాత్రము నేడే తెలిసికొనవచ్చును. సోదరీమణులు మట్టి తెప్పించుటకు ముందే ఆ లెక్క చూచుకొందురుగాక!