తొలిరోజు కొన్నవాడికి చట్టం ఏమిస్తుంది?

కొత్త ప్రాసెసర్ మార్కెట్లోకి వచ్చిన ప్రతిసారీ చర్చంతా వేగం, ధరల చుట్టూనే తిరుగుతుంది. డబ్బుంటే కొనండి, లేదంటే ధర దిగేదాకా ఆగండి అంటారు. ధర దిగే మాట నిజమే. 2022 సెప్టెంబరులో 699 డాలర్లకు వచ్చిన రైజెన్ 9 7950ఎక్స్ అమెరికాలో నవంబరు ముగిసేలోగా 574కు పడింది. కానీ అది చిన్న నష్టం. చిప్ లోపలి దోషం ఏడాదిన్నర తర్వాత బయటపడితే బాధ్యత ఎవరిది? ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్ల దోషంపై వచ్చిన చాలా కథనాలు ఈ ప్రశ్న జోలికే పోలేదు. అప్‌డేట్ ఇచ్చారు, వారంటీ పెంచారు అని చెప్పి చేతులు దులుపుకున్నాయి.

ఆ 13వ తరంలోని ఐ9-13900కె 2022 అక్టోబరులో వచ్చింది. చిప్‌ను లోపలినుంచి నడిపించే మైక్రోకోడ్‌లో తప్పువల్ల అది ఉండాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజీ తీసుకుంటోందని ఇంటెల్ చెప్పింది 2024 జులై 22న. మధ్యలో 21 నెలలు గడిచాయి. ఆరు నెలలు ఆగి కొన్నవాడికీ రక్షణ దొరకలేదు. పైగా ఈ దోషంవల్ల అన్‌రియల్ ఇంజిన్‌తో చేసిన ఆటలు ఆగిపోయినప్పుడు తెరమీద వచ్చింది వీడియో మెమరీ చాలడం లేదన్న సందేశం. అది చూసినవారెవరైనా ముందు గ్రాఫిక్స్ కార్డునే అనుమానిస్తారు. ఆగస్టులో వచ్చిన మైక్రోకోడ్ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయలేదు. మూడేళ్ల వారంటీని ఐదేళ్లకు పెంచినా, నేరుగా ఇంటెల్‌ను అడిగే వీలు బాక్సు పీసులకే. బాక్సు లేకుండా విడిగా అమ్మే ట్రే పీసు కొన్నవారు అమ్మినవాడి దగ్గరికో, సిస్టమ్ తయారుచేసిన కంపెనీ దగ్గరికో వెళ్లాలి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో నాలుగు రూపాయలు తగ్గుతాయని ట్రే పీసు అడిగేవారికి ఈ తేడా ఎవరూ చెప్పరు.

ఇలాంటిది ఇదే మొదటిసారి కాదు. 2000 జులై 31న ప్రకటించిన 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3ని నెల తిరిగేసరికి వెనక్కి తీసుకున్నారు. 1994లో పెంటియం భాగహారం తప్పినప్పుడు, అవసరం ఉందని చూపించినవారికే మార్చి ఇస్తామని మొదట ఇంటెల్ అంది. జనం మండిపడ్డాక డిసెంబరు 20న అడిగినవారందరికీ ఇస్తామని ఒప్పుకుంది. అందుకు 47.5 కోట్ల డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. దోషం నిరూపించే భారం కొన్నవాడి నెత్తిన ఉన్నంతకాలం కంపెనీ తొందరపడదని అప్పుడే తేలింది.

ఇక మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం సంగతి చూద్దాం. ఇలాంటి కేసులో చాలామంది ప్రాడక్ట్ లయబిలిటీ అధ్యాయాన్ని చూపిస్తారు. అది పనికిరాదు. ఆ అధ్యాయంలో హాని అంటే ఏమిటో చెప్పే సెక్షన్ 2(22), వస్తువుకే జరిగిన నష్టాన్ని మినహాయించింది. పట్టుకోవాల్సింది సెక్షన్ 2(10). వ్యాపారి ఏ రూపంలోనైనా చెప్పుకున్న ప్రమాణాన్ని వస్తువు అందుకోలేకపోతే అది లోపమే. 5.8 గిగాహెర్ట్జ్ అని ప్రచారం చేసి అమ్మిన చిప్, ఆ వేగం దగ్గర నిలకడగా నడవలేకపోతే దీనికిందికి వస్తుందనే నేను అంటాను. ల్యాబ్ పరీక్షకు పంపే అధికారం సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషన్‌కు ఉంది కాబట్టి నిరూపణ కూడా అసాధ్యం కాదు.

ఖరీదైన చిప్ పనివాళ్లకు అవసరమన్న వాదనలో బలముంది. వీడియో ఎడిటింగ్ మీద బతికేవారికి మిగిలిన ప్రతి గంటా సంపాదనే. అయితే పని ఆగితే నష్టపోయేదీ వాళ్లే. స్వయం ఉపాధికి కొన్న వ్యక్తిని చట్టం వినియోగదారుగానే చూస్తుంది. లాభం కోసం నడిచే స్టూడియో తన వ్యాపారానికి కొంటే ఆ రక్షణ దొరకడం కష్టం. అలాంటి స్టూడియోలు తొలిరోజు కొనడం నాకు సమ్మతం కాదు. అంచుదాకా నెట్టిన మోడల్ అసలే వద్దు. 13900కె బదులు 13900కెఎస్‌కు 110 డాలర్లు ఎక్కువ పెడితే గరిష్ఠ వేగంలో వచ్చింది 0.2 గిగాహెర్ట్జ్.

అసలు మెలిక సెక్షన్ 69లో ఉంది. ఫిర్యాదుకు గడువు, కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. కొన్న తేదీ నుంచి లెక్కిస్తే తొలి కొనుగోలుదారుకు అది 2024 అక్టోబరుతో తీరిపోయింది. అంటే కంపెనీ నోరు విప్పాక మిగిలింది మూడు నెలలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, దోషాన్ని కనిపెట్టే దారే లేని మనిషి మన్నింపు ఎందుకు అడగాలి? దోషం ప్రాసెసర్‌దేనని తెలిసిన రోజే కారణం పుట్టిన రోజు కావాలి. ఐదేళ్ల వారంటీలో ఉన్న చిప్‌ను మార్చనని కంపెనీ నిరాకరిస్తే, ఆ నిరాకరణ నుంచి మళ్లీ రెండేళ్లు మొదలవ్వాలి. కమిషన్లు చట్టాన్ని ఇలాగే చదవాలి.