కాటి సీనులో కన్నీరు అవివేకమా?

హరిశ్చంద్ర నాటకం చివర దేవతలు ప్రత్యక్షమవుతారు, లోహితాస్యుడు నిద్ర లేచినట్లు లేస్తాడు, అంతా విశ్వామిత్రుని పరీక్షే. కనుక కాటి సీను చూసి కంటతడి పెట్టడం అవివేకమని మన ఆస్తికులలోనే కొందరి వాదం. విషాదాంతం మన సంప్రదాయం కాదనీ, ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు (1853–1912) ‘విషాద సారంగధర’తో పాశ్చాత్యుల నుండి తెచ్చిన అలవాటనీ మరొక మాట జతచేస్తారు. రెండవది అర్ధసత్యం. మొదటిది అదీ కాదు.

భరతముని శోకాన్ని కరుణరసానికి స్థాయీభావంగా నిరూపించాడు. భాసుని ఊరుభంగంలో దుర్యోధనుడు రంగస్థలం మీదనే ప్రాణం విడుస్తాడు. ఉత్తరరామచరితం ప్రథమాంకంలో సీతారాములు తమ గతాన్ని చిత్రపటాలలో చూసి పులకిస్తారు; ఆమె ఆయన భుజం మీద నిద్రిస్తుండగానే పరిత్యాగనిర్ణయం జరిగిపోతుంది. ఆ నాటకం సంయోగంతో ముగిసింది కనుక ఆ శోకం అబద్ధమైపోయిందా?

శాస్త్రదృష్టితో చూద్దాం. సంస్కారమాత్రం వల్ల జనించే జ్ఞానం స్మృతి. దానికి ఎదుటి వస్తువుతో ఇంద్రియసన్నికర్ష తోడైతే ప్రత్యభిజ్ఞ. ‘సోఽయం దేవదత్తః’ అని మహావాక్యవిచారంలో అద్వైతులు చూపే ఉదాహరణ ఇదే. అక్కడ నాటి దేశకాలాలను, నేటి దేశకాలాలను విడిచి వ్యక్తిమాత్రాన్ని గ్రహించమంటారు. శ్మశానంలోని హరిశ్చంద్రునికి ఆ వెసులుబాటు ఏదీ? భర్తకు తప్ప అన్యులకు గోచరించని మంగళసూత్రం కంటబడిన క్షణాన ఆమె అయోధ్య మహారాణి, ఆ క్షణానే పరగృహదాసి. ఒడిలోనిది కన్నకొడుకు దేహం. వీరబాహుని కాటికాపరికి మాత్రం అది సుంకం చెల్లించని శవం. మరచినవాడైతే ఆయనకు బాధ లేదు. స్మృతికి లొంగి సుంకం విడిచితే సత్యవ్రతం లేదు. దేవతల రాక ఆ తరువాతి సంగతి, అది ఆయనకు అప్పటికి తెలియదు కదా!

ఇక కాటి సీను ఒక్కటే ఆడించి, పద్యానికి వన్స్‌మోర్ కొట్టి ఇళ్లకు వెళ్లే రసికులున్నారు. కాశీలో విక్రయం, నక్షత్రకుని వేధింపు చూడని ప్రేక్షకునికి స్మృతి ఎక్కడిది? మిగిలేది రాగాలాపనే. (బలిజేపల్లివారి నాటకంలో జాషువా పద్యాలు చేర్చి పాడితే ప్రక్షిప్తమని ముఖం చిట్లించేవారితో మాత్రం నాకు ఏకీభావం లేదు. ఆ పద్యాలు ఆ చోటివే.)

జగిత్యాలలోనో కోరుట్లలోనో చూసినా కథ ఇదే. కాని సిరిసిల్లలో చూసేవారి మాట వేరు. ఋణం తీర్చలేక ఆలుబిడ్డలను అమ్ముకొన్న రాజు గాథ మరమగ్గాల ఊరిలో కేవలం పురాణంగా మిగలదు. అప్పుల భారంతో నేతకార్మికులు ప్రాణాలు తీసుకొన్న ఊరు అది. నక్షత్రకుడు వేదిక మీదికి రాగానే అక్కడివారికి వేరే ముఖాలు స్మరణకు రావూ? ఆ తల్లుల ఎదుట ‘అంతా మిథ్య, అంతా పరీక్ష’ అని పలికేవాడు వేదాంతం చదివి ఉండవచ్చు, విని ఉండడు. మిథ్యాత్వం సాధకుడు తన దుఃఖానికి అన్వయించుకోవలసిన విచారం. పొరుగువాని దుఃఖం మీద దానిని ప్రయోగించే అధికారం ఏ శాస్త్రమిచ్చింది? భగవానుడంతటివాడు అర్జునుని శోకాన్ని ఒక అధ్యాయం పాటు చెప్పనిచ్చి, ఆ తరువాతనే ఉపదేశానికి దిగాడు. ఆ అధ్యాయానికి విషాదయోగమని పేరు.

ఉత్సవసమితుల పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఆడిస్తే నాటకం మొత్తం ఆడించండి, తెర పడిన వెంటనే ప్రవచనానికి మైకు అందుకోకండి.