జబ్బు మొదలైన వారంలోనే మా పిల్లల్ని పరిశోధనలో చేర్చుకోండి

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్ గారికి, న్యూఢిల్లీ
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖల ముఖ్య కార్యదర్శుల గార్లకు

విషయం: ఇన్ఫెక్షన్ తరువాత పిల్లల్లో హఠాత్తుగా వచ్చే మానసిక, నాడీ లక్షణాలపై (పాండాస్, పాన్స్) మన ఆసుపత్రుల్లో పరిశోధన జరిపించాలని, పిల్లల్ని చేర్చుకునే పద్ధతిలో రక్షణలు కల్పించాలని వినతి.

అయ్యా,

మేం రెండు తెలుగు రాష్ట్రాల తల్లిదండ్రులం. గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గిన కొద్ది రోజులకే మా పిల్లలు మారిపోయారు. చర్మం ఊడేదాకా చేతులు కడుక్కునేవాళ్లు, అన్నంలో ఏదో కలిసిందన్న భయంతో ముద్ద ముట్టనివాళ్లు, ఎనిమిదేళ్లొచ్చాక మళ్లీ పక్క తడుపుతున్నవాళ్లు మా ఇళ్లలో ఉన్నారు. ముత్యాల్లాంటి చేతిరాత గీతలైపోయింది. ఫలానా రోజు నుంచి ఇలా అయిందని మాలో చాలామందిమి తేదీతో సహా చెప్పగలం. చుట్టాలు దిష్టి అన్నారు, బడిలో మొండితనం అన్నారు, కొందరు డాక్టర్లు చదువు ఒత్తిడి అన్నారు.

అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో డాక్టర్ సుసాన్ స్వీడో బృందం 1998లో ఇలాంటి 50 మంది పిల్లల వివరాలు ప్రచురించి, గొంతులో చేరే స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియాతో దీనికి సంబంధం ఉండవచ్చని చెప్పి, పాండాస్ అని పేరు పెట్టింది. 2012లో నిర్వచనాన్ని విస్తరించి పాన్స్ అన్నారు. దీనిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదని మాకు తెలుసు. ఆ అనుమానాన్ని మేం తప్పుపట్టడం లేదు, దాన్ని తేల్చమని అడుగుతున్నాం. అదే బ్యాక్టీరియా వల్ల వచ్చే కీళ్లవాత జ్వరం, దాని వెంట కాళ్లూ చేతులూ వాటంతటవే కదిలిపోయే సిడెన్‌హామ్ కొరియా మన పిల్లల వైద్యులకు కొత్త కావు. ధనిక దేశాల్లో దాదాపు కనుమరుగైన ఆ జ్వరం మన దగ్గర ఇంకా గుండె కవాటాలను పాడుచేస్తూనే ఉంది. ఈ ప్రశ్నకు జవాబు వెతకాల్సిన చోటు మన దేశమే.

ఇప్పటిదాకా జరిగిన పరీక్షలు చిన్నవి. దాతల రక్తం నుంచి తీసే యాంటీబాడీల మందు ఐవీఐజీతో 1999లో నెల రోజులకు మేలు కనిపించింది. 2016లో 35 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో మాత్రం అసలు మందు తీసుకున్నవాళ్లకూ ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఆ పరీక్షలో వాడిన మోతాదు కిలో బరువుకు మొత్తం 2 గ్రాములు. పాతిక కిలోల బిడ్డకు 50 గ్రాములు, అంటే 5 గ్రాముల సీసాలు పది. పుస్తెలు తాకట్టుపెట్టి అది ఎక్కించే కుటుంబం ఒకటి, అడిగినా డాక్టరు రాయని కుటుంబం ఒకటి. ఏ బిడ్డకు ఏమైందో ఎక్కడా నమోదు కాదు కాబట్టి ఆ ఖర్చు, ఆ బాధ తరువాతి బిడ్డకు కూడా ఉపయోగపడడం లేదు.

అందుకే మొదటి కోరిక సమయం గురించి. లక్షణాలు మొదలైన వారంలోనే గొంతు స్వాబ్, రక్తం తీసి, కొన్ని వారాల తరువాత మళ్లీ రక్తం తీయాలి. స్ట్రెప్టోకాకస్‌కు ఎదురుగా రక్తంలో పుట్టే యాంటీబాడీ ఏఎస్‌ఓ ఒక్కసారి పెరిగి కనిపిస్తే ఏదీ రుజువు కాదు. మన బడి పిల్లల్లో చాలామందికి అది ఎక్కువగానే ఉంటుంది. రెండు పరీక్షల మధ్య తేడానే చెప్పాలి. మానసిక వైద్యుడి దగ్గరికి చేరేసరికి మాకు నెలలు గడిచిపోతున్నాయి. హైదరాబాద్ నీలోఫర్‌లో, విశాఖ కేజీహెచ్‌లో, తిరుపతి రుయాలో పిల్లల విభాగంలోనే ఈ నమూనాలు తీసి, బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులతో కలిసి ఒకే పద్ధతిలో నమోదు చేయించండి.

రెండోది అంగీకారం. ఖమ్మం జిల్లాలో 2009లో మొదలైన హెచ్‌పీవీ టీకా అధ్యయనంలో చాలా అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010లో అది ఆగిపోయింది, 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ జిల్లా మనుషులం కూడా ఈ వినతిలో ఉన్నాం. అంగీకార పత్రం చదివితే అర్థమయ్యే తెలుగులో ఉండాలి, ఇంటికి తీసుకెళ్లి ఆలోచించుకునే గడువుండాలి.

మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 7 నుంచి 12 ఏళ్ల పిల్లల నోటిమాట సమ్మతి, ఆ పై వయసువాళ్ల రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. మా పిల్లల విషయంలో ఇది అంత తేలిక కాదు. సూదిలో విషముందని భయపడే బిడ్డ వద్దంటే ఆ మాట బిడ్డదా, జబ్బుదా? కాదంటే అమ్మ చచ్చిపోతుందన్న భయంతో సరేనంటే ఆ సమ్మతిని నమ్మేదెలా? అందుకే ఒక్క రోజు మాటతో ఊరుకోకుండా, బిడ్డ కాస్త తేరుకున్న మరో రోజు మళ్లీ అడగాలి. వెన్నులోంచి నీరు తీయడం వంటివి బిడ్డ వైద్యానికి అవసరం లేకుండా పరిశోధన కోసమే అయితే, ఆ వద్దన్న మాట జబ్బుదైనా సరే, గౌరవించాల్సిందే. ఇందులో రాజీ ఉండకూడదు.

మూడోది, మందుల పరీక్షలు జరిపితే పాటించాల్సిన రక్షణలు. ఉత్తుత్తి మందు వంతు వచ్చిన పిల్లలకు గడువు తరువాత మెరుగు లేకపోతే అసలు మందు ఇవ్వాలి. 2016 పరీక్షలో ఆరు వారాల తరువాత ఆ అవకాశం ఇచ్చారు. చేరనివాళ్లకూ మధ్యలో మానుకున్నవాళ్లకూ మామూలు వైద్యం ఆగకూడదు. హాని జరిగితే 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ పరీక్షల నిబంధనల స్థాయిలోనే ఉచిత వైద్యం, పరిహారం దక్కాలి. దారి ఖర్చులు, పోయిన కూలి, బడికి హాజరు పత్రం ఇవ్వాలి. బిడ్డ పేరు ఊరికీ బడికీ తెలియకూడదు.

ప్రతి పరీక్షనూ మొదలుపెట్టకముందే భారత క్లినికల్ పరీక్షల రిజిస్ట్రీలో నమోదు చేయించండి. ఫలితం ఏదైనా మాకు తెలుగులో చెప్పండి. మందు పనిచేయదని తేలినా ఆ మాట మాకు కావాలి.

పిల్లల వైద్యులు, మానసిక వైద్యులు, నాడీ వైద్యులు కలిసి కూర్చునే సమావేశానికి మమ్మల్నీ పిలవాలని, మూడు ఆసుపత్రుల్లో తొలి నమూనాలు తీసే ఏర్పాటు ఏ తేదీ నుంచి మొదలవుతుందో రాతపూర్వకంగా తెలియజేయాలని కోరుతున్నాం.

ఇట్లు,
పిల్లల తల్లిదండ్రులు,
తెలంగాణ, ఆంధ్రప్రదేశ్