వాగు అవతలి గూడేనికి దవాఖాన ఏది?

వానలు పడ్డాయంటే ఆదిలాబాద్ ఏజెన్సీలో విషజ్వరాల కాలం మొదలైనట్టే. ఉట్నూరు, తిర్యాణి గూడేలకు ఇది కొత్త కాదు. సమైక్య రాష్ట్రంలో గోండు, కొలాం బిడ్డలు జ్వరాలతో పిట్టల్లా రాలిపోతుంటే మనం ఏమన్నాం? వలస పాలకులకు అడవి బిడ్డల ప్రాణమంటే లెక్కలేదన్నాం. నిజమే అన్నాం. మరి 2014 జూన్ 2 తర్వాత ఆ మాట ఎవరిని అనాలి?

నిండు గర్భిణిని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించే ఫొటో వానాకాలం పేపర్లలో ఇంకా వస్తూనే ఉంది. 2005లో మొదలైన 108 బండి వాగు ఒడ్డు దాకే రాగలదు. బండిని తిట్టి లాభం లేదు, తప్పు లెక్కలో ఉంది. మైదానంలో 5 వేల మందికి ఒక సబ్ సెంటర్, 30 వేల మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. గిరిజన ప్రాంతంలో 3 వేలకు, 20 వేలకు. ఇదీ సర్కారు కొలత. కాగితం మీద గిరిజనులకు మేలు చేసినట్టే కనిపిస్తుంది. కానీ ఈ కొలత తలలను లెక్కపెడుతుంది, వాగులను లెక్కపెట్టదు. నలభై ఇండ్ల గూడెం వాగుకు అవతల, దవాఖాన ఇవతల ఉంటే, వాగు పారినన్నాళ్లూ ఆ గూడేనికి దవాఖాన లేనట్టే.

మలేరియాకు కార్పొరేట్ వైద్యం అక్కర్లేదు. వేలి నుంచి చుక్క రక్తం తీసి ఇరవై నిమిషాల్లో తేల్చే కిట్టు ఉంది. ఆశా కార్యకర్త చేయగల పరీక్ష అది. తేలిన రోజే మాత్రలు పడితే మనిషి బతుకుతాడు. ఆలస్యమైతే జ్వరం మెదడుకెక్కుతుంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. మంచిదే, గుండె ఆపరేషన్‌కు పనికొస్తుంది. అర్ధరాత్రి వణుకుతున్న పిల్లగానికి కావలసింది మాత్రం గూడెంలో కిట్టు, పీహెచ్‌సీ క్వార్టర్‌లో పడుకునే డాక్టరు.

నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతు చించుకున్నవాళ్లం మేం. సచివాలయం కుర్చీల మీద ఎన్ని రాతలు రాశామో! సబ్ సెంటర్ ఏఎన్‌ఎం మీద రాసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదీ నియామకమే కదా. గోండి, కొలామి మాట్లాడే ఆడబిడ్డలకే శిక్షణ ఇచ్చి అక్కడే కొలువియ్యాలి. నెలలు నిండుతున్న తల్లులను వాగు పొంగకముందే దవాఖాన దగ్గరికి తెచ్చి, వెంట వచ్చినవాళ్లకు కూడా బువ్వ పెట్టి ఉంచాలి.

ఐటీడీఏ ఉట్నూరులోనే ఉంది. ఏ గూడేనికి ఏ వాగు అడ్డమో ఊరి పేరు పక్కన రాసుకోవడానికి ఎన్ని రోజులు పడుతుంది? తొలకరి దాకా ఆగకుండా ఆ జాబితా రాసి, గ్రామసభల్లో చదవమని అడుగుతున్నాం.